ఇంటి సాలు

ఎనభైల చివర్లో మేం ఆస్ట్రేలియాలో, డార్విన్‌లో ఉండేవాళ్లం. నేను ఆసుపత్రిలో నర్సుని, మా ఆయన పోర్టులో క్లర్కు. నాకప్పుడు ఐదో నెల. అన్నం ముద్ద గొంతు దిగాలంటే గోంగూర పచ్చడి ఉండాల్సిందే. అక్కడ దాన్ని రోసెల్లా అంటారు. కాయ మీది ఎర్ర రేకులతో జామ్ చేసుకుని, ఆకు పారేస్తారు. గోంగూర ఆకు పారేసే మనుషుల్ని నేను మొదటినుంచీ పూర్తిగా నమ్మలేదు.

ఊరి బయట ఒక ముసలి రైతు దంపతులు ఇంటి ముందు కొన్ని మొక్కలు పెంచేవారు. అడిగితే కోసుకోమనేవారు. ఆ ఏడు వెళ్లేసరికి తోటని గుర్తుపట్టలేకపోయాను. జామ్ ఫ్యాక్టరీతో ఒప్పందం కుదిరిందట. బారులు తీరిన సాళ్లు, నల్ల గొట్టాల్లోంచి చుక్కచుక్కగా నీళ్లు, ట్రాక్టరు వెనక మూత బిగించిన ట్యాంకు. రైతు నవ్వుతూ చెయ్యూపి, కావలసినంత కోసుకోమన్నాడు.

మా ఆయన సంచి తెరిచి కోయడం మొదలుపెట్టాడు. నేను ఒక ఆకు తిప్పి చూశాను. చిల్లు లేదు. ఇంకోటి చూశాను, దానికీ లేదు. వానలు వెలిసీ వెలవని డార్విన్‌లో పురుగు ముట్టని గోంగూరా!

"ఎంత ఫ్రెష్‌గా ఉందో చూడు," అన్నాడాయన.

"అదే నా బాధ. పురుగే తిననిది మనం తింటామా?"

"నీకు ప్రతిదానికీ అనుమానమేనే! ఫ్రీగా ఇస్తున్నాడు, ఇంటికెళ్లి బాగా వాష్ చేసుకుందాం. థ్యాంక్స్ చెప్పి రా."

నాకు ఒళ్లు మండింది. ఈయన టౌన్లో పెరిగినవాడు. మాది గుంటూరు దగ్గర మిరప పండించే ఇల్లు. మా నాన్న చేనంతా మందు కొట్టించి, గట్టు పక్కన ఒక్క సాలు మాత్రం వదిలేసేవాడు. మా వంటకి మిరపకాయైనా వంకాయైనా అందులోంచే రావాలి. సరుకు చూడ్డానికి వ్యాపారులొస్తే అటువైపు పోనిచ్చేవాడు కాదు, నవ్వుతూ మాటల్లో పెట్టేవాడు. అదే నవ్వు ఈ రైతు ముఖంలోనూ కనిపించింది.

తిన్నగా రైతు దగ్గరికి వెళ్లి ఇంగ్లీషులో అడిగాను. "మీరు ఏ సాలులోది తింటారు?"

నవ్వు ఆగిపోయింది. టోపీ సర్దుకుని షెడ్డు వెనక్కి చెయ్యి చూపించాడు.

"మా ఇంటి జామ్‌కి అవి. ఇవి తినడానికి కాదమ్మా, ఫ్యాక్టరీకి."

ఆ మాటలో తప్పుందని రైతుకి తోచనే లేదు. మా ఆయన కోసిన ఆకంతా నేల మీద కుమ్మరించాడు.

షెడ్డు వెనక మొక్కలు పురుగు కొట్టి వికారంగా ఉన్నాయి. అయినా నాకు నమ్మకం కుదరలేదు. పెరట్లో బట్టలారేస్తున్న రైతు భార్యని పిలిచి, ఒక ఆకు తుంచి చేతిలో పెట్టి, "ముందు మీరు తినండి" అన్నాను. మా ఆయన సిగ్గుతో అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె నా కడుపు వంక చూసింది. ఆకు నోట్లో వేసుకుంది. పులుపుకి ముఖం ముడుచుకుంటూనే నమిలి మింగింది.

అప్పుడు కొంగు దోపి, కోయడానికి వంగాను.