మేత చప్పుడు

వీడియోలో చప్పుడు లేదు. అది గమనించగానే మొదటి నుంచి మళ్లీ పెట్టి చూశాను.

అండమాన్ సముద్రంలో దిగి పగడపు దిబ్బలు ఎట్లా ఉన్నాయో చూడటం నా ఉద్యోగం. సెలవు పెట్టి అర్ధవీడు పక్కన మా ఊరికి వచ్చాను. అక్కడ నాతో పనిచేసే అమ్మాయి పంపిన వీడియో అది. మామూలుగా దిబ్బ మీద చిలుక చేపలు గుంపుగా చేరి పాచి గీకుతుంటే కరకరమని వినిపిస్తుంది, మేకలు ఎండు తుమ్మకాయలు నమిలినట్టు. ఇప్పుడు రాయి ఉంది, నీళ్లున్నాయి, చేపల్లేవు. ఎవరో వలలేసి మందకు మందనే ఎత్తుకుపోయారని కింద రాసింది.

నాయన నా భుజం మీదుగా తొంగిచూశాడు. ఆయన బుద్ధెరిగినప్పటి నుంచి మేకలు కాస్తున్నాడు. మేకలు లేత మొక్కల్ని బతకనివ్వవని ఫారెస్టు వాళ్లతో తిట్లు తిని తిని, చివరికి అదే నిజమని నమ్మేశాడు.

"మేసేటివి పోయినాయంటే మంచిదే గదమ్మా. ఇంక ఆ పగడాలు సుఖంగా పెరుగుతాయి. నువ్వు గూడా ఆడికి పోయే పన్లేదు."

అసలు మాట ఆ చివరిదే. నేను మునిగిపోతానని ఆయన భయం. మా వైపు తాగే నీళ్లకే కటకట, ఈత ఎవరికొచ్చు? వచ్చిన రోజు నుంచీ ఉద్యోగం మానెయ్యమని ఒకటే పోరు.

నాకు ఒళ్లు మండింది.

"తెలీకుండా మాట్లాడబాక నాయనా. వేడికి సముద్రం కాగి సగం పగడాలు చచ్చినాయి. ఆ చచ్చిన రాయి మీదనే కొత్త పగడపు పిల్లలు అతుక్కోవాల. చేపలు మెయ్యకపోతే పాచి కమ్ముకుంటాది. ఇంక పిల్లలకు చోటేది?"

"అవి పగడాల్ని కొరకవా?"

"ఒకటీ అరా కొరుకుతాయి. అయినా అవి మేస్తేనే దిబ్బ బతికేది."

"మేస్తేనే బతుకుతాదా?" అని మళ్లీ అడిగాడు. అట్లాంటి మాట ఆయనతో ఎవరూ ఎన్నడూ అనలేదు.

వీడియో ఇంకోసారి పెట్టమన్నాడు. రాయి అంచున పచ్చగా కనబడితే వేలు పెట్టి చూపించాడు.

"ఇదేనా పాచి?"

"అదే. అప్పుడే మొదలైంది. అవతలి దిబ్బ మీద ఇంకో మంద ఉంది. వలలోళ్లు దాని మీద గూడా పడతారేమో. ఆ లోపల పోయి వాళ్లతో మాట్లాడాల, నీళ్లల్లో దిగి చూడాల. ఆ మంద గూడా పోతాదేమోనని నాకు భయమేస్తా ఉంది నాయనా."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మరి ఈడ కూర్చోని ఏం జేస్తావు? రేపే పో."

నేను ఆయన వైపు చూశాను. ఆయన లేచి నా సంచి తెచ్చి ముందు పెట్టాడు.

"నీళ్లల్లోకి దిగేటప్పుడు మాత్రం నాకు చెప్పబాక తల్లీ. గట్టెక్కినాక చెప్పు."