గాలి గొట్టంలో గుడ్డ

మా ఆయన దేవపాలు జమ్మలమడుగులో జనరేటర్ మెకానిక్. మిలిటరీ వేలంలో వచ్చిన పాత డీజిల్ జనరేటర్‌ను ఒక నాయకుడికి ఆయనే బిగించి ఇచ్చాడు. ఎన్నికల సభ మధ్యలో అది ఆగిపోయి, దీపాలన్నీ ఆరిపోయాయి.

"ఏంరా దేవపాలూ, అవతలోళ్లు ఎంతకు కొన్నారు నిన్ను?" అంటూ నాయకుడు చొక్కా పట్టుకున్నాడు.

మా ఆయన డీజిల్ ట్యాంకు మూత తిప్పగానే గాలి బుస్సుమని లోపలికి పోయింది. డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. గాలి వచ్చే గొట్టంలో ఎవరో గుడ్డ కుక్కారు. పక్కనే కాపలా ఉన్న నాయకుడి మనిషి చెన్నయ్య ముఖం పాలిపోయింది. ఇంజను పాడుచేయడానికి శత్రువులు అందులో చక్కెర పోస్తారన్న భయంతో కుక్కింది అతనే.

మా ఆయన గుడ్డను పిడికిట్లో దాచి, "తప్పు నాదేనన్నా. గొట్టంలో మట్టి చేరింది, చూసుకోలేదు" అన్నాడు. చెంపదెబ్బ తిని, జనరేటర్ నడిపించి వచ్చాడు.

ఇంటికొచ్చి ఇదంతా చెప్తే విని, ఒళ్ళో పాపను దగ్గరికి లాక్కుని అడిగాను. "ఉన్నది చెప్పకూడదా? నిన్నేమన్నా చేసింటే?"

"చెప్పింటే చెన్నయ్యను అవతలోళ్ల మనిషని ఆడనే నరికేస్తాండ్రి. భయపడి చేసినాడంటే ఎవరు నమ్ముతారే?"

ఇప్పుడు ప్రతి సభకూ ఆయన్ను పిలిపించి జనరేటర్ పక్కనే నిలబెడుతున్నారు. సభ మా ఊళ్ళోనే అయితే ఆ మోత ఇంటికి వినిపిస్తుంది. అది ఆగకుండా ఉన్నంతసేపే నేను పాపకు అన్నం తినిపించగలను.