మూఢం వెళ్ళేదాకా

మేము కొన్న ఇంటిని నానమ్మ ఒకసారి చూసింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఏ చిన్న సంగతైనా డైరీలో పెట్టుకునే నేను దీన్ని అక్కడ కూడా రాయలేదు.

పాలకొల్లు బజారులో నాన్నకు ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది. నేను పుట్టకముందు నుంచీ మావాళ్ళు ఉన్నది ఒక మేడ మీది అద్దె వాటాలో. సొంతిల్లు కావాలన్న తొందర మాలో ఎవరికీ ఉండేది కాదు. ఒక వానాకాలం మా వీధిలోనే అద్దెకుండే పెద్దాయన పోయాడు. శవాన్ని ఇంట్లో ఉంచడానికి ఇంటి ఓనర్లు ఒప్పుకోలేదు. రోడ్డు మీద టార్పాలిన్ కట్టి, బెంచీ మీద పడుకోబెట్టారు. జల్లు కొట్టినప్పుడల్లా ఆయన కొడుకు పాదాలు తుడుస్తున్నాడు. నానమ్మ బాల్కనీలో కూర్చుని అదంతా చూసింది. ఆవిడ గుండె బాగా నీరసించిందని డాక్టరు చెప్పింది అంతకు కొద్ది రోజుల ముందే.

భోజనాల దగ్గర నాన్నతో అంది. "అబ్బాయ్, నన్ను మాత్రం రోడ్డు మీద పడుకోబెట్టకురా."

నాన్న కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. కొన్ని నెలలకు, కాలవ గట్టు పక్కన ఒక పాత పెంకుటిల్లు కొన్నాడు.

గోడలకు మోకాలెత్తు దాకా ఉప్పు పొంగి ఉంది. చెయ్యి ఆనిస్తే సున్నం రాలిపోయేది. పూత పని మేస్త్రీది, మిగతాది మాది. అమ్మ ఉప్పుకాగితంతో తలుపులు రుద్దేది. మావయ్య సెలవు దొరికినప్పుడల్లా ద్రాక్షారామం నుంచి వచ్చి వైరింగ్ చేసేవాడు. నాది గోడలు గీకే పని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కాబట్టి నాకది నచ్చింది.

"ఏమ్మా కోడలా, ఆ గోడతోనైనా నాలుగు ముక్కలు మాట్లాడు. అదీ నీ బాపతే. గీకితేగానీ నోరు విప్పదు" అనేవాడు మావయ్య.

"దాన్ని ఏడిపించకురా. నీ స్విచ్ బోర్డు వంకరగా ఉంది, అది చూసుకో ముందు" అనేది అమ్మ.

"బోర్డు తిన్నగానే ఉందక్కా. మీరు కొన్న గోడే వంకర."

అందరం నవ్వేవాళ్ళం. నాన్న నవ్వుతూనే వాకిట్లోకి వెళ్ళి మేస్త్రీకి ఫోన్ చేసేవాడు. అన్నిటికంటే ముందు నానమ్మ గది అవ్వాలని ఆయన పట్టు. అద్దె ఇంటి మెట్ల దగ్గర కింద ఉండే ఇంటి ఓనరమ్మ రోజూ నన్ను ఆపేది. "మామ్మగారికి ఎలా ఉందమ్మా? ఇల్లు ఎప్పటికి అవుతుందంటున్నారు?" రెండు ప్రశ్నలకూ మధ్య ఊపిరి కూడా పీల్చుకునేది కాదు.

గది పూత పూర్తయ్యేసరికి మూఢం వచ్చిపడింది. శుక్రుడు కనబడని ఆ రోజుల్లో గృహప్రవేశం కుదరదని, వెళ్ళాక ముహూర్తం పెడతానని పంతులుగారు చెప్పేశారు.

"బావగారూ, పాలు పొంగించేసి పెద్దావిణ్ణి తీసుకెళ్ళిపోదామండి. మనిల్లు ఎక్కడో శుక్రుడికి తెలీదుగా" అన్నాడు మావయ్య.

నాన్న ఊగిసలాడడం నాకు కనిపించింది. మంచం మీద నుంచి నానమ్మే అడ్డుపడింది. "వేళాకోళాలొద్దయ్యా. పెళ్ళి కావలసిన పిల్ల ఉంది ఇంట్లో. నా కోసం మూఢంలో గడప దాటితే ఆ కీడు దాని మెడకి చుట్టుకుంటుంది. నేను ఆగుతాన్లే."

తర్వాత ఒక రోజు ఆవిణ్ణి డాక్టరుకు చూపించి ఆటోలో తీసుకొస్తున్నాను. "కాలవ గట్టు మీదుగా పోనీమనవే" అంది. కొత్తింటి దగ్గర దిగాం. అక్కడ ఎవరూ లేరు. తాళంచెవి నా సంచిలో ఉంది.

"తలుపు తియ్యనా నానమ్మా?"

"వద్దొద్దు. మూఢం."

అరుగు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. తర్వాత తన గది కిటికీ రెక్క నెట్టమంది. ఊచల మధ్య నుంచి మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, పక్క గోడను తడిమింది. చెమ్మ అంటిన వేళ్ళు వాసన చూసుకుంది.

"మంచం ఎటు వేస్తారే?"

చూపించాను.

"అక్కడ పడుకుంటే కాలవ కనబడుద్దా?"

"కనబడుద్ది."

"అయితే ఇంకేం" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఊచ గీసుకుని ముంజేయి మీద ఎర్రగా చార పడింది. ఇంటికొచ్చాక అమ్మ అడిగితే ఆటోలో తగిలిందని ఆవిడే చెప్పింది.

మూఢం వెళ్ళకముందే, ఒక మధ్యాహ్నం నానమ్మ పోయింది. ఓనరమ్మ కళ్ళు తుడుచుకుంటూనే మెట్లెక్కి వచ్చింది. "ఏమనుకోకండి, నక్షత్రం కూడా మంచిది కాదంటున్నారు. కిందికి దింపేస్తే..." అంది. కొత్తింటికి తీసుకెళ్దామని మావయ్య గట్టిగానే అడిగాడు. పాలు పొంగని ఇంటికి మొదట శవాన్ని తీసుకెళ్ళకూడదని బంధువుల్లో పెద్దవాళ్ళు కొట్టిపడేశారు. నాన్న ఎవరితోనూ వాదించలేదు. తనే ఎత్తుకుని మెట్లు దింపి, రోడ్డు మీద బెంచీ మీద పడుకోబెట్టాడు. టెంటు చిరుగులోంచి ఎండ ఆవిడ మొహం మీద పడుతుంటే గొడుగు అడ్డుపెట్టి నిలబడ్డాడు. మావయ్య అడిగినా ఆ గొడుగు ఇవ్వలేదు.

ఏటిసూతకం వల్ల ఏడాది దాకా గృహప్రవేశం లేదు. ఇంటికి తాళం వేసి, ఆ అద్దె వాటాలోనే ఉన్నాం. ఇప్పుడు కొత్తింటికి మారాక, నానమ్మ కోసం చేసిన గదిలో నేనుంటున్నాను. "ఇల్లు చూడకుండానే పోయింది" అని నాన్న ఇప్పటికీ అంటాడు. చూసిందని నోటిదాకా వస్తుంది. చెబితే, మరి లోపలికెందుకు రాలేదని అడుగుతాడు. గడప దాకా వచ్చి నా కోసం బయటే ఉండిపోయిందని వింటే ఆయన తట్టుకోలేడు. మింగేస్తాను.

నానమ్మ పోయిన రోజు పొద్దున నేను కొత్తింట్లో పనికి బయల్దేరుతున్నాను. నాన్న ముందురోజే రంగు డబ్బాలు తెచ్చి మెట్ల కింద పెట్టాడు. ఆవిడ చెయ్యి ఊపి పిలిచింది. వంగి చెవి దగ్గర పెట్టాను.

"మీ నాన్నని తొందరపడొద్దని చెప్పవే. తడి గోడకి రంగేస్తే ఊడొచ్చేస్తుంది."