ఇస్త్రీ చెదరని యూనిఫాం

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. మేము బోరబండలో కిరాయికి ఉండేవాళ్లం. కానిస్టేబులైన మా ఆయనకు మాదాపూర్‌లో ఓ పెద్ద ఆఫీసర్ బంగళాలో డ్యూటీ. పొద్దున నేను ఇస్త్రీ చేసిన యూనిఫాం సాయంత్రానికి కూడా మడత చెదిరేది కాదు. ఎంత శుభ్రంగా ఉంచుకుంటారో అని మురిసిపోయేదాన్ని.

ఊరి నుంచి వచ్చిన మా అత్తమ్మ, "నా కొడుకు డ్యూటీల ఎట్లుంటడో జర సూపియ్యి బిడ్డా" అని పట్టుబట్టింది. తీసుకెళ్లాను. గేటు తీసే ఉంది. మా ఆయన బనీను, నిక్కరుతో కుక్కకు స్నానం చేయిస్తున్నారు. యూనిఫాం దండెం మీద వేలాడుతోంది. మమ్మల్ని చూసి బిగుసుకుపోయారు.

"ఎవరయ్యా వాళ్లు?" అని వరండాలోంచి ఆఫీసర్‌గారి భార్య అడిగింది.

ఆయన తల దించుకుని కుక్క మీద నీళ్లు పోశారు. అత్తమ్మే అంది: "ఇల్లు తప్పి ఇటొచ్చినం అమ్మా."

ఊరికి తిరిగి వెళ్లాక మాత్రం అత్తమ్మ, "నా కొడుకు తుపాకి పట్టుకొని నిలబడ్డడు" అని అందరికీ చెప్పిందట.

దొంగల్ని పట్టడానికి శిక్షణ ఇచ్చి, కుక్కను కడిగించిన ఆ పద్ధతిని తలచుకుంటే ఈరోజుకీ నాకు కడుపు మండుతుంది.

ఆ బంగళాకు వెళ్లొచ్చిన మర్నాడు నేను యూనిఫాం ఇస్త్రీ చేయలేదు. ఎందుకని ఆయన అడగలేదు.