గాలక్క చెప్పని మాట

ఆ చిన్న విమానాశ్రయంలో ఆమెను అందరూ గాలక్క అనేవారు. విమానం నడపడం నేర్పే క్లబ్బు అది. రేడియో గదిలో కూర్చుని, దిగబోయేవాళ్లకు గాలి ఎటునుంచి ఎంత వేగంతో వీస్తోందో చెప్పడం ఆమె పని. పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ, అదే మైకు. "ఇంట్లో మా ఆయన నా మాట వినడు గానీ, ఆకాశంలో ఉన్నవాళ్లంతా వింటారు" అని నవ్వేది.

ఆ మధ్యాహ్నం గాలి కుదురుగా లేదు. ఒంటరిగా ఎగరడం అప్పుడే మొదలుపెట్టిన అమ్మాయి ఒకతె తిరిగొస్తూ, "అక్కా, గాలెలా ఉంది?" అని రేడియోలో అడిగింది.

"ఎడమ పక్కనుంచి, పన్నెండు నాట్ల వేగం. జాగ్రత్తగా దిగమ్మా."

"సరే అక్కా."

విమానం రన్‌వే మీదికి వచ్చేసింది. అంతలో గాలి వేగం చూపే ముల్లు ఒక్కసారిగా ఇరవై ఆరుకు ఎగబాకింది. గాలక్క మైకు అందుకుంది. మళ్లీ పైకి లేచిపొమ్మనాలి. కానీ చక్రాలు నేలను తాకబోయే క్షణంలో చెవిలో అరిస్తే పిల్ల బెదిరిపోతుందేమో! తటపటాయించింది రెండు మూడు సెకన్లే. ఎడమ రెక్క లేచింది, కుడి రెక్క కొస నేలకు తగిలింది, విమానం పల్టీ కొట్టింది. సైరన్ మోగించి ఆమె కూడా పరుగెత్తింది. తలుపు ఊడదీసేసరికే అమ్మాయిలో ప్రాణం లేదు.

విచారణకొచ్చినవాళ్లు రేడియో రికార్డు విన్నారు. "మీరు చెప్పింది సరిగ్గానే ఉంది. మీ తప్పేం లేదు" అన్నారు. భర్త కూడా అదే అన్నాడు. ఆమె మాత్రం పనిలో ఉన్నంతసేపూ ఆ ముల్లునే చూస్తూ కూర్చునేది.

నెల తర్వాత అమ్మాయి తండ్రి, కూతురి సామాన్లు తీసుకెళ్లడానికి వచ్చాడు. బస్సు డ్రైవరు. రేడియో గది గుమ్మంలో నిలబడి, "చివరిసారి మాట్లాడింది మీతోనేనటగా. ఏమందమ్మా?" అని అడిగాడు.

"సరే అక్కా అందండీ." అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయింది. "గాలి పెరగడం చూశాను. మైకు చేతిలోనే ఉంది. బెదురుతుందేమోనని చెప్పలేదు."

ఆయన రన్‌వే వైపు చూశాడు. "స్టీరింగు పట్టుకున్నవాడి చెవిలో అరిస్తే ఏమవుతుందో నాకూ తెలుసు. అయినా చెప్పాల్సిందమ్మా. విచారణలో ఈ మాట అన్నారా?"

"ఎవరూ అడగలేదండీ. నాకూ నోరు పెగల్లేదు."

"ఇప్పుడు వాళ్లకు రాసివ్వండి" అన్నాడు, గొంతు పెంచకుండా. క్షమించానని మాత్రం అనలేదు.

ఆ సాయంత్రమే రాసిచ్చింది. గాలి పెరిగితే ఆఖరి క్షణంలోనైనా హెచ్చరించి తీరాలని రేడియో గదిలో కొత్త నియమం అంటించారు. ఆమెను స్టోరు గదిలో పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే పనికి మార్చారు. ఇప్పుడు విమానం దిగే చప్పుడు వినబడినప్పుడల్లా చేతిలో పని ఆపేస్తుంది. ఇంజను ఆగాకే మళ్లీ అందుకుంటుంది.