సాయిబుకు వినిపించని చివరి వారం

ఈ నెల పదో తేదీ ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు, పాత సైన్స్ ఫిక్షన్ నవలల అభిమానులం ఫోనులో నడుపుకుంటున్న బృందంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి, ముందు ఏ నవలతో మొదలుపెట్టమంటారని అడిగింది. పావుగంటలో పదకొండు పేర్లు వచ్చాయి. వాటిలో నాలుగింటికి ముగింపు కూడా జతపడి వచ్చింది. నేనూ ఒక పేరు రాసి, పంపడానికి చేయి రాక, చెరిపేశాను.

వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి దాచుకున్న తరం మనది. మదనపల్లెలో నేను, కుప్పంలో మా బావ అలా పోగుచేసినవన్నీ పుంగనూరులో బైండింగు చేసే సాయిబుకు ఇచ్చేవాళ్లం. కుట్టబోయే ప్రతి కథనూ ఆయన ముందుగా చదివి, బంక అంటిన వేళ్లు తుడుచుకుంటూ మాతో వాదానికి దిగేవాడు. గ్రహాంతరవాసి మనిషిలాగే ఆలోచిస్తే ఆ నవల దండగని బావ వాదన. అలా ఆలోచించకపోతే వాడు మనకు అర్థమయ్యేదెట్లాగని సాయిబు వాదన.

"నీ ఆఫీసులో పక్క కుర్సీవోడే నీకు అర్థం కాలే, ఇంగ ఆ గ్రహమోడు యాడ అర్థమైతాడప్పా" అని ఆయన అంటే బావ టీగ్లాసు కింద పెట్టి మరీ నవ్వేవాడు.

చదివినవాడు తొందరపడి కథ చెప్పేయడం వల్ల రెండుసార్లు మాటలు మానుకోవలసి వచ్చాక, నేనొక నియమం రాసి ముగ్గురి సంతకాలూ తీసుకున్నాను: ముగింపును ఎవరి కళ్లతో వారే చదువుకోవాలి.

నక్షత్రాల మధ్య దారి తప్పిన ఓడ కథ ఒకటి ముప్పై ఏడు వారాలు నడిచింది. చివరి వారం సంచిక మాకు దొరకలేదు. సాయిబు తక్కినదంతా కుట్టి, దొరికిననాడు అతికించడానికని వెనక సన్నటి కాగితపు పట్టీలు రెండు వదిలాడు. ఆరేళ్ల తర్వాత మదనపల్లెలో పాత పేపర్ల అంగట్లో ఆ సంచిక నా కంటపడింది. పుంగనూరు బస్సులోనే చదివేశాను. అప్పటికే చక్కెర జబ్బు సాయిబు చూపును తినేసింది. సంచికలోంచి చింపి తెచ్చిన చివరి వారం కాగితాలు రెంటినీ ఆయన చేత్తో తడిమాడు.

"సదివి వినిపించప్పా. ఓడ తిరిగొస్తాదా, రాదా?"

"ఆపరేషన్ అయినాక మీరే చదువుకుందురు భాయ్. రాసుకున్నాం కదా."

"నీ రూలు సల్లగుండ. ఆడిదాకా నేనుండాల కదప్పా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయనకొక సంతోషాన్ని దాచి ఉంచుతున్నానని నమ్మి, కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను. పందొమ్మిదో రోజు పొద్దున బావ ఫోను చేశాడు: కంటి ఆపరేషన్ కాకముందే సాయిబు గుండె ఆగిపోయింది.

బావ నన్ను ఒక్కసారే అడిగాడు, వినిపించి ఉంటే ఏం పోయేదని. ఆ తర్వాత నవలల మాటే ఎత్తలేదు. నేటికీ పుంగనూరు మీదుగా బస్సు పోతుంటే ఖాళీగా ఉన్న పక్క సీటు నుంచి ఆ ప్రశ్న వినబడుతుంది. పెదవులు కదిపి జవాబు చెబుతాను, ప్రశ్న మళ్లీ వినబడుతుంది. ఈ కాలపు పిల్లలు ముగింపులను ముందే పంచేసుకుంటున్నారని లోగడ విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు విసుక్కోలేను, ముగింపు తెలియకుండా పోయేవాళ్లు వాళ్లలో ఉండరు.

కుట్టించిన సంపుటాలు నలభై రెండు. చెదలకు పోయినవి పదిహేను, బావ దగ్గర తొమ్మిది, నా దగ్గర పద్దెనిమిది. పోయిన స్నేహితుడు ఒకరు. వాదం మానుకున్నవారు ఇద్దరు. అతికించని కాగితాలు రెండు. చెక్కుచెదరకుండా నిలిచినది, నేను రాసిన నియమం.