సప్తమి దాకా ముట్టకూడని సముద్రం

పంతొమ్మిది వందల డెబ్భైల్లో నాన్నకు కంటి జబ్బు చేసి, రెండు కళ్ళకూ కట్టుతో చాలా రోజులు మంచం మీద ఉన్నాడు. అప్పుడు అమ్మ సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. చూపు వస్తే పూరీ నుంచి కోణార్క్ దగ్గరి చంద్రభాగ దాకా సముద్రం ఒడ్డునే నడిచి వస్తానంది. మాఘ సప్తమి నాడు అక్కడ స్నానం చేసేదాకా సముద్రపు నీరు ఒక్క చుక్కయినా ముట్టనంది. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకకూడదని మా భజన గోష్ఠిలో అందరం విన్నదే. మిగతా రోజుల్లో దూరం నుంచి దణ్ణం పెట్టుకోవాలి.

చూపు వచ్చింది. జంషెడ్‌పూర్ కద్మాలో, మా క్వార్టరు వరండాలో శనివారం శనివారం భజన జరిగేది. మొక్కు సంగతి తెలిసి గోష్ఠి గురువుగారు తానూ వస్తానన్నారు. నాన్నతో పనిచేసే బాబాయి ఒకాయన కూడా బయల్దేరాడు. కార్ఖానాలో బరువులు తాళ్ళతో ఎత్తించే పని ఆయనది. బిష్టుపూర్‌లో కొన్న కాన్వాసు సంచుల్లో బియ్యం, పప్పు, కిరసనాయిలు స్టవ్వు, ఒక టార్పాలిన్ వేసుకుని వీపులకు తగిలించుకున్నాం. అమ్మా, నాన్నా, నేనూ కలిపి మొత్తం ఐదుగురం. నాకప్పుడు పదహారేళ్ళు.

ఆ ఒడ్డున అప్పట్లో రోడ్డు లేదు. ఒక పక్క ఇసుక దిబ్బలు, సరుగుడు తోపులు, ఇంకో పక్క ఆగని హోరు. ఏరు వచ్చి కలిసే చోట నాటు పడవ ఎక్కి దాటాలి. అమ్మ అలల వైపు పోనిచ్చేది కాదు. పొడి ఇసుకలో అడుగు తీసి అడుగు వేయడమే కష్టంగా ఉండేది.

"వదినా, తడి ఇసకలో నడిత్తే రోడ్డు మీద నడిసినట్టుంటాది. కాళ్ళు పీకెత్తన్నాయి" అన్నాడు బాబాయి.

"నీ కాళ్ళు పీకితే పీకనీ. మీ అన్న కళ్ళు బాగుండాల" అంది అమ్మ.

రెండో రోజు ఎండ ముదురుతుండగా వంటకు ఆగాం. బాబాయి టార్పాలిన్‌కు ఇనప మేకులు చేయించి తెచ్చాడు. పొడి ఇసుకలో అవి నిలవలేదు. ఇంకా కిందికి దిగి గట్టి నేల చూశాడు. మేకులు దిట్టంగా దిగాయి. మా ఊళ్ళో ఖర్కాయి నది ఒడ్డుకు పిక్నిక్‌కి వెళ్ళినా మేం అలాగే వేసేవాళ్ళం. నది ఎండవేళ మీదికి రాదు కదా. సముద్రం వస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు.

"నీళ్ళు అంత దూరంగున్నాయి కదొదినా. పక్కా జాగా!"

అమ్మ నమ్మింది. కిచిడీ పొయ్యి మీద పెట్టి, కాసేపు నడుం వాల్చింది. మధ్యాహ్నం అవుతుండగా ఒక అల పరుగున వచ్చి, స్టవ్వు ఆర్పి, అమ్మ మడమలూ చీర కుచ్చెళ్ళూ తడిపి వెనక్కి పోయింది. దానితో పాటు కిచిడీ గిన్నె కూడా.

"అరె పకడో! గిన్ని పోతంది!" బాబాయి గిన్నె వెంట పడ్డాడు. నేను పగలబడి నవ్వాను. తిరిగి చూస్తే అమ్మ తడి పాదాల వైపు చూస్తూ కూర్చుంది.

"అయిపోనాది. ముట్టీసినాను. ఈయన కళ్ళు..." అంది.

గురువుగారు పక్కన కూర్చున్నారు. "నువ్వు ముట్టలేదమ్మా. నీ మొక్కు విని ఆ స్వామే సముద్రమై ఎదురొచ్చి నీ కాళ్ళు ముట్టుకున్నాడు. భక్తుడి దగ్గరికి తానే నడిచి రావడం భగవంతుడికి కొత్తేమీ కాదు."

"మాటల్తోటి మొక్కు తీరుద్దేటండి గురువుగారూ?"

ఆయన మాటలో నాకు ఈనాటికీ సందేహం లేదు. కానీ అమ్మకు భయం ఉన్నది మాటలకు అందే చోట కాదు. ఆమె నాన్న గడ్డం పట్టి ముఖం సముద్రం వైపు తిప్పింది.

"అదిగో తెరసాప. రంగేటి?"

"ఎర్రది. మజ్జిన తెల్లగుడ్డ అతుకు."

"ఔనేటే?" అని నన్నడిగింది.

"హా మా, సఫేద్ హై. తెల్లదే."

అక్కణ్ణుంచి చంద్రభాగ దాకా ఇదే వరస. దూరంగా ఏది కనిపించినా అమ్మ ఆగేది. "ఆ కొంగలెన్నున్నాయి?"

"నాను లెక్కెట్టీదాకా అవి నిలబడతాయేటి? మొక్కు నీది, పరీచ్చ నాదీ!" అని నాన్న విసుక్కుంటూనే లెక్కపెట్టేవాడు. ఒకసారి ఇద్దరి లెక్కా కలవలేదు. అమ్మ ముఖం పాలిపోయింది. నేను మళ్ళీ లెక్కపెడితే నాన్న చెప్పిందే సరి, తప్పింది అమ్మ. ఆ పూట బాబాయి ఆమెను ఊరికే వదల్లేదు. "అన్న కళ్ళు బాగానే ఉన్నాయి గానీ, నీ కళ్ళకి ఇంకో మొక్కు మొక్కుకో వదినా!"

సప్తమి తెల్లవారుజామున జనంతో పాటు మేమూ నీళ్ళలోకి దిగాం. వేల ముఖాలు తూర్పుకు తిరిగి ఉన్నాయి. గురువుగారు నామం అందుకున్నారు, మేమంతా పలికాం. అమ్మ మాత్రం నాన్న చెయ్యి పట్టుకుని, తూర్పుకు వీపు పెట్టి, ఆయన కళ్ళలోకే చూస్తూ నిలబడింది.

"నన్నేటి సూత్తన్నావు? అటు సూడు, వచ్చీసినాడు! సన్నగా, గోరంత అంచు!" అన్నాడు నాన్న.

"నువ్వు సూసినావు కదా, సాలు" అని అమ్మ మునిగింది.